పెదవులు చదివే మల్లిక

మల్లిక ఎదుటివాళ్ల కళ్లలోకి కాదు, నోటివైపు చూస్తుంది. నార్పోలి నేతవాడలో సాంచాల, అంటే మరమగ్గాల, హోరులో పెరిగింది. అక్కడ మాటను పెదవుల మీదే చదువుకుంటారు. ఇప్పుడామె వ్యాపారుల కుమ్మక్కును అరికట్టే ప్రభుత్వ సంస్థలో జూనియర్ వకీలు. నూలు ధర కేసు విచారణ రోజున, అద్దాల తలుపు అవతల షావుకారు కోదండరామయ్య తోటివాళ్లతో అన్నాడు: "అనుకున్న రేటే. ఎవ్వలు దిగొద్దు." ఆమె వెంటనే ఫైల్లో రాసింది. సీనియర్ వకీలు ఆ వాక్యం కొట్టేశాడు. "చెవితో విన్నావా? పెదవులు సాక్ష్యం కావమ్మా." వేరే ఆధారం లేదని కేసు మూసేశారు.

నూలు పిరమై, కొనే స్తోమత లేక, నార్పోలి షెడ్డులో సగం సాంచాలు ఆగిపోయాయి. మిగిలిన వాటి మధ్య నుంచి తండ్రి నర్సింహులు పెదవులతో అడిగాడు: "ఏమాయె బిడ్డా?"

"గాళ్లంత ఒక్కటే నాయినా!" మల్లిక గొంతు చించుకుని అరిచింది. ఆ హోరులో ఒక్కరికీ వినబడలేదు. అందరూ చదివారు.