బక్కయ్య నాలుక

మా పక్క వాటాలో కిరాయికుండే బక్కయ్యంత చాదస్తుణ్ణి ఈ ఎల్‌బీ నగర్ మొత్తంలో నేను చూడలేదు. నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇరవయ్యేళ్లుగా డ్రైవరీ చేస్తున్నాడు. నిరుడు దిల్‌సుఖ్‌నగర్‌లో అమ్మాజీ గారింట్లో కుదిరాడు. ఆవిడ కోడలు మృదుల ఆఫీసుకు పోయే మనిషి. రెండేళ్ల కూతురి కోసం కారులో పెట్టుకునే పిల్లల సీటు కొని తెచ్చింది.

దాన్ని బిగించడం బక్కయ్య షాపువాడి దగ్గర నేర్చుకుని వచ్చాడు, ఇక నాకు ఒకటే పాఠం. "మోకాలు పెట్టి అదిమి బెల్టు గుంజాలె అక్కా. పట్టుకొని ఊపితే సీటు కదలొద్దు. పిల్ల భుజం మీది పట్టీ వేళ్లకు మడత చిక్కిందంటే లూజున్నట్టే." నాకు కారే లేదు మొర్రో అన్నా వింటేగా!

పిల్ల ఆ పట్టీల్లో ఏడ్చేది. అమ్మాజీ గారికి ప్రాణం ఒప్పేది కాదు. "కట్టేసి తీసుకెళ్లడానికి అదేమైనా మేకపిల్లా? నా ఒడి కంటే భద్రమా అది?" అంటూ సీటు తీయించి డిక్కీలో పెట్టించేది. మర్నాడు బక్కయ్య మళ్లీ బిగించేవాడు.

ఓ ఉదయం పెద్ద అంబర్‌పేట్‌లో చుట్టాల గృహప్రవేశానికి బయల్దేరారు. ఆవిడ పిల్లను ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. బక్కయ్య తాళం తిప్పలేదు.

"అమ్మా, మీ కాళ్లు మొక్కుత. హైవే మీద బ్రేక్ కొడితే పిల్ల మీ చేతుల ఆగదు. పోయి అద్దానికి తాకుతది."

"శుభం పలకరా మంకెన్నా అంటే... శుభకార్యానికి వెళ్తుంటే ఆ మాటలేంటయ్యా! దిగు ముందు!"

అంతే, కొలువు పోయింది.

ఇరవై రోజులకు, కొత్త డ్రైవర్ నడుపుతుండగా ఆటో అడ్డం వచ్చింది. అతను బ్రేక్ కొట్టాడు. పిల్ల ఆవిడ ఒళ్లోంచి ఎగిరి డ్యాష్‌బోర్డుకు కొట్టుకుంది. ఎడమ కంటికి ఇక చూపు రాదన్నారు డాక్టర్లు.

సంగతి తెలిసి బక్కయ్య దవాఖానకు పరిగెత్తాడు. వద్దురా సన్నాసీ అన్నాను. వినలేదు. అతన్ని చూడగానే అమ్మాజీ గారు అందరి ముందూ శోకాలు పెట్టింది. "వచ్చావా! నీ నాలుక మీద మచ్చుందయ్యా. నువ్వన్నావు, అయింది. నా బంగారుతల్లి కన్ను నీ నోరే తినేసింది!" తన చేతుల్ని తాను తిట్టుకోలేక అలా అందేమో. మృదుల తలెత్తి కూడా చూడలేదట.

ఇంటికొచ్చి భార్య అరుణమ్మ ముందు నోరు తెరిచి, ఫోను లైటు వేసి నాలుక చూడమన్నాడు. మచ్చా లేదు, మన్నూ లేదు. నేనూ చూశాను. ఒళ్లు మండిపోయింది నాకు. "ఆమెకు బుద్ధి లేదు, నీకూ లేదా? నీ మాట వినుంటే పిల్లకు కన్నుండేది గదయ్యా!" అని అరిచాను. సరేనన్నట్టు తలూపాడు గానీ నమ్మలేదు.

ఇప్పుడు కొత్తపేటలో ఇంకొకరింట్లో చేస్తున్నాడు. వాళ్లకు పది నెలల బాబు. మొన్న మెట్ల దగ్గర ఆపి అడిగాను, వాళ్ల కారులో సీటుందా అని.

"ఉన్నది. డిక్కీల ఉన్నది."

"మరి చెప్పలేదా?"

"ముందల సీట్ల, తల్లి ఒడిల కూసుంటడు అక్కా. చెప్దామని నోటిదాకా ఒచ్చింది. చెప్తే ఆ పిలగానికి గూడ ఏమన్న అయితదేమోనని భయమైంది. నోరు మూసుకొని నడుపుతున్న."