కాలీడ్చే పాయింట్స్‌మన్

పశ్చిమ బెంగాల్ బళ్లలో విద్యా సంవత్సరం జనవరిలో మొదలవుతుంది. నా ఉద్యోగంలో ఆఖరి జనవరిలో, ఖరగ్‌పూర్‌లో నేను తెలుగు చెబుతున్న ఉన్నత పాఠశాలకే నన్ను టీచర్-ఇన్‌ఛార్జిగా వేశారు. ప్రధానోపాధ్యాయుడి పోస్టు ఖాళీ అయినప్పుడు, కొత్తవారు వచ్చేదాకా సహాయోపాధ్యాయుల్లో సీనియరుకు ఆ పని అప్పగిస్తారు. హోదా మారదు, చేయాల్సిన సంతకాలు మాత్రం పెరుగుతాయి.

అప్పటికి మా బళ్లో గణితం, భౌతికశాస్త్రం తెలుగులో చెప్పేవారు లేరు. పాలక సంఘం కంప్యూటర్ గదిలో కృత్రిమ మేధ ప్రోగ్రాం ఒకటి పెట్టించింది. పిల్లలు తెలుగులో టైపు చేస్తే తెలుగులోనే జవాబిచ్చేది. ఇంట్లో ఫోన్లలోనూ పనిచేసేది.

దానివల్ల మేలు జరగలేదని అనలేను. తొమ్మిదో తరగతి లావణ్య క్లాసులో నోరు విప్పేది కాదు. వాళ్ల ఇల్లు ఊళ్లోనే, మలంచా పేటలో. వీధిలో బెంగాలీ, స్నేహితులతో హిందీ, తెలుగు గడప లోపల మాత్రమే. ఒకే ప్రశ్న ఎన్నిసార్లు అడిగినా ఆ ప్రోగ్రాం విసుక్కోదని తెలిశాక ఆ పిల్ల దాన్ని వదల్లేదు. వానలు పడేనాటికి తనంతట తానే బోర్డు దగ్గరికి వచ్చి జ్యామితి సిద్ధాంతం నిరూపించింది. అది నేను కళ్లారా చూశాను.

తొమ్మిదో తరగతిలో రాత పరీక్షతో పాటు ప్రాజెక్టు పనికి కొన్ని మార్కులుంటాయి. దీన్ని అంతర్గత మూల్యాంకనం అంటారు. పిల్లవాడు వ్యాసం రాసి, దాని మీద మేమడిగే ప్రశ్నలకు నోటితో జవాబు చెప్పాలి. ఆ ఏడు నేనిచ్చిన అంశం, ‘మా ఇంట్లో మొదట ఖరగ్‌పూర్ వచ్చిన మనిషి’. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాయమన్నాను.

వ్యాసాలు మధ్యాహ్నం స్టాఫ్ రూములో కూర్చుని దిద్దుతున్నాను. మొదటిదాంట్లో తాత తెల్లవారుజామున వానలో రైలు దిగాడు. దారి తెలియక నిలబడితే, కాలీడ్చుకుంటూ పాయింట్స్‌మన్ ఒకడు వచ్చాడు. పాయింట్స్‌మన్ అంటే రైలు ఒక లైను మీంచి ఇంకో లైను మీదికి మళ్లేలా దారి మార్చే మనిషి. అతను ఆకుపచ్చ దీపం పట్టుకుని ముందు నడిచి, తాతను రైల్వే వర్క్‌షాపు గేటు దాకా చేర్చాడు. తాత వెనక్కి తిరిగి చూస్తే లేడు.

బాగా రాశాడనుకున్నాను. రెండో వ్యాసంలో రైలు సాయంత్రం వచ్చింది, వాన లేదు. పాయింట్స్‌మన్ మాత్రం ఉన్నాడు. మూడోదాంట్లో వచ్చింది తాత కాదు, నాయనమ్మ. ఆమె ముందూ అతనే కాలీడ్చుకుంటూ నడిచాడు. ఆ పైన ఏ కాగితం తీసినా పేర్లు మారాయి, కాలం మారింది, అతను మారలేదు. పట్టపగలే, పక్కన బెంగాలీ టీచర్లు టీ తాగుతూ మాట్లాడుకుంటుండగానే, నాకు ఒళ్లు జలదరించింది.

ఆరా తీస్తే విషయం తేలిగ్గానే బయటపడింది. ఎవరో ఒక పిల్లాడు ప్రోగ్రాం చేత వ్యాసం రాయించి క్లాసు గ్రూపులో పెట్టాడు. మిగతావాళ్లు ఆ వ్యాసాన్నే ప్రోగ్రాంకిచ్చి, కొంచెం మార్చి రాయమన్నారు. నేనూ కంప్యూటర్ ముందు కూర్చుని ఈ పాయింట్స్‌మన్ ఎవరని అడిగాను. అతని ఊరు, భార్య పేరు, కాలు ఎలా దెబ్బతిన్నదీ చకచకా చెప్పింది. ఇదంతా నిజమేనా అంటే, క్షమించమని, అది కల్పనేనని అంది. మర్నాడు మళ్లీ అడిగితే వేరే ఊరు, వేరే భార్య. కాలు మాత్రం అదే.

మౌఖిక పరీక్షలో పిల్లలంతా తప్పు ఒప్పుకున్నారు, లావణ్య తప్ప.

“ఇది మా తాత సెప్పిందే టీచర్,” అంది. “కావాలంటే వచ్చి అడగండి.”

ఎప్పుడూ అబద్ధమాడని పిల్ల. అందుకే ఆదివారం ఉదయం ఆటో ఎక్కి మలంచా వెళ్లాను. తాత పేరు సింహాచలం. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన మనిషి. కొంతకాలంగా మతిమరుపు. ముందు గదిలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఖరగ్‌పూర్ మొదట ఎలా వచ్చారని అడిగాను.

“వానమ్మా. తెల్లారగట్ల దిగినాను. దారి తెల్దు. అప్పుడొచ్చినాడు ఆడు, కాలీడ్సుకుంటా. సేతిలో పచ్చ దీపం. ‘నా ఎనకే రా’ అన్నాడు.”

మనవరాలి వ్యాసంలోని మాటలే, తన యాసలో. లావణ్య నా వైపు చూసింది, చూశారా అన్నట్టు. అంతలో ఆమె తల్లి గౌరి వంటింట్లోంచి వచ్చింది. చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

“ఇదేటి మావా? నిన్ను సోములు మావ కదా తీసుకొచ్చినాడు? నాను కాపరానికొచ్చిన కాడ్నించి అదే కదా సెప్తన్నావు!”

సోములు సింహాచలం మేనమామ. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోయిన పిల్లాణ్ణి విజయనగరం వైపు నుంచి వెంటబెట్టుకొచ్చి, తన ఇంట్లో ఉంచుకుని సాకి, పని నేర్పించి, జ్వరంతో పోయినవాడు. ఆ ఇంట్లో ఏటా ఆయన పేరున అన్నం పెడతారట. సింహాచలం కోడలి ముఖంలోకి చూసి, “సోములెవరు?” అన్నాడు.

ఏం జరిగిందో గౌరి మాటల్లో అర్థమైంది. మౌఖికం కోసం లావణ్య, గ్రూపులోంచి తీసుకున్న ఆ వ్యాసాన్ని రోజూ సాయంత్రం తాత పక్కన కూర్చుని పైకి చదివింది. మొదట్లో ఆయన నవ్వి ఊరుకున్నాడు. తర్వాత తలూపడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత మనవరాలు ఆగిన చోట తనే అందించాడు. తాతే చెబుతున్నాడు కదా, ఇది నిజమేనని పిల్ల నమ్మింది.

కథ సంగతి వదిలేసి, రైల్లో మీ పక్కన ఎవరు కూర్చున్నారని అడిగాను.

“బీడీ వోసన,” అన్నాడు చివరికి. “నా తల ఆడి ఒళ్లో ఎట్టుకున్నాడు. మావ. సోములు మావ.”

గౌరి ఊపిరి పీల్చుకుంది. “మరి ఆ కాలీడ్సే మనిసి లేడు కదా తాతా?” అంది లావణ్య మెల్లగా.

“లేకేటి? ఉన్నాడు. మావా నానూ దిగతంటే ఎదురుగా నిలబడి సూస్తన్నాడు.” ఆయన చూపు నన్ను దాటి గుమ్మం మీద ఆగింది. “ఇప్పుడూ సూస్తన్నాడు.”

గుమ్మంలో ఎవరూ లేరు. గౌరి వెళ్లి తలుపు మూసింది.

లావణ్య ఆ వ్యాసం చించేసింది. తల్లిని, బతికున్న ఒకరిద్దరు చుట్టాలను అడిగి సోములు గురించి కొత్తగా రాసింది. తప్పులు చాలా ఉన్నాయి. మూల్యాంకనం నిబంధనలు భాషకూ సేకరణకూ విడిగా మార్కులు వేయమంటాయి కనుక భాషకు తగ్గించి, సేకరణకు పూర్తిగా వేశాను. ఇంట్లో ఆమె రోజూ తాతకు సోములు సంగతులు చెప్పేది. ఆయన వినేవాడు, కొన్నాళ్లు గుర్తుపట్టేవాడు కూడా.

చలికాలంలో ఆయన పోయాడు. చూడ్డానికి వెళితే గౌరి నన్ను పక్కకు పిలిచింది.

“ఆకర్న మావని పిలస్తాడనుకున్నాను టీచర్. పిలవలేదు. ‘దీపం ఎత్తి పట్టు, వస్తన్నాను’ అన్నాడు.”

నేను రిటైరయ్యే ముందు ప్రాజెక్టు పని పద్ధతి మార్చి, సంఘం చేత ఆమోదింపజేశాను. పెద్దవాళ్లను అడిగి రాయాల్సినవి ముందు చేత్తో రాసి బళ్లో ఇవ్వాలి. ఆ తర్వాతే ప్రోగ్రాం దగ్గరికి వెళ్లాలి, అదీ అక్షరదోషాలు దిద్దించుకోవడానికి. జ్యామితిలో అది తప్పు చెబితే పాఠ్యపుస్తకం తీసి దిద్దవచ్చు. సోములు వెంట ఖరగ్‌పూర్‌లో రైలు దిగిన రోజుకు మిగిలిన సాక్షి సింహాచలం ఒక్కడే. తప్పు పట్టాల్సిన మనిషే ఆ కల్పనను నమ్మాక, దిద్దడానికి మాకు ఏమీ మిగల్లేదు.