మా శుక్రవారం ఆటకు వాళ్ల గేటు

మా నేతోళ్ల బస్తీ పద్మనగర్‌ల శుక్రవారం సాంచెలకు, అంటే మరమగ్గాలకు, సెలవు. తొంభైల చివర్ల, గోవా హోటల్‌ల పనిచేసే మా బావ ఒక క్యాసెట్ తెచ్చిండు. అక్కడ సముద్రం ఒడ్డున టికెట్ లేదు, స్టేజీ లేదు, వచ్చినోళ్లందరూ ఆడుడేనట. క్యాసెట్‌ల పాట లేదు, ఒకటే దరువు.

"గిది మన సాంచె చప్పుడే గద తమ్మీ! దీనికి గోవా దాక పోయిండా?" అన్నది నూలు కండెలు చుట్టే మా పక్కింటి అక్క.

ఆమెనే ఆడోళ్లను కూడగట్టింది. సెలవు మధ్యాహ్నం ఖాళీ షెడ్డుల, పెండ్లిళ్ల జనరేటర్ పెట్టి ఆట మొదలుపెట్టినం. సాంచెల నడుమ చెవులు మొద్దుబారినోళ్లం; దరువు ఛాతికి తగిలితే తప్ప వినబడదు. అందుకే మనిషెత్తు స్పీకర్ డబ్బాలు నేనే చేసిన. నాకు ఆట రాదు. నేను ఊగుతుంటే, నాకు కరెంట్ షాక్ కొట్టిందనుకొని ఒకాయన స్విచ్చి ఆపిండు.

కొన్నేండ్లకు ముంబై నుంచి ఒక సారు వచ్చి చూసిండు. ఊరి బయట గోదాముల పెద్ద ఫెస్టివల్ పెడుతున్న, నీ డబ్బాలు కావాలె అన్నడు. "మావోళ్లు?" అంటే, "అందరూ రావచ్చు" అన్నడు. నేను ఉబ్బిపోయి అక్కకు మాటిచ్చిన: "ముందు వరుసల నువ్వే ఆడాలె."

ఫెస్టివల్ రోజు మధ్యాహ్నం అక్క కొత్త చీర కట్టుకొని గేటు కాడికి వచ్చింది. టికెట్ కొన్నోళ్లకు కట్టే రంగు పట్టీ చేతికి లేదని ఆపిండ్రు. సారును పట్టుకొచ్చిన.

"ఇది టికెట్ ప్రోగ్రాం భాయ్. నువ్వొక్కనివి రా."

లోపలికి పోయి చూస్తే, వేలాడే నూలు, దూది, ట్యూబులైట్లు, ఒంటి దరువు, అన్నీ టికెట్ లేకుంట ఉత్తగ ఆడిన జాగల నుంచి తెచ్చుకున్నయే. ఉత్తగ రానిచ్చుడొక్కటే తేలేదు. నాకు ఒళ్లు మండింది. వైరు పీకి వీళ్ల ఆట ఆపుదామని పోయిన. నా డబ్బాల వెనక వైరే లేదు! మోగేవి వాళ్ల స్పీకర్లు. నావి అందానికి పెట్టిండ్రు; మీదికెల్లి గేటు కాడ అడిగిన అసొంటి రంగు పట్టీ గూడ కట్టిండ్రు.

రెండు డబ్బాలు తోపుడు బండి మీద బయటికి తెస్తే అక్క చూసింది.

"మోగని డబ్బాకు పట్టీ కట్టి, ఆడే మనిషిని ఎండల నిలబెట్టిండ్రా?"

ఆ పట్టీలు తెంపి సారు ముందర పారేసిన. అక్క బండిని ఒక దిక్కు పట్టి నెట్టింది. మాటిచ్చింది నేను. ఇప్పటికీ సారు మీద వచ్చినంత కోపం నా మీద గూడ వస్తది.