కూర్చోబోయి మానుకున్న భంగిమ

ఆ రోజుల్లో ఉద్యోగ దరఖాస్తులో ఏ గడినీ ఖాళీగా వదలకూడదన్నది నా నియమం. బెజవాడలోని ఒక ఎరువుల కంపెనీ ఫారంలో 'ఆటలు' అన్న గడి కనబడగానే 'గోల్ఫు' అని రాశాను. అది అబద్ధమని మా బావ నేటికీ వాదిస్తాడు, నేను అంగీకరించను. ఆ ఆట మీద లైబ్రరీలో పుస్తకం చదివి ముప్పై రెండు పేజీల నోట్సు రాసుకున్నవాడిని నేను. (ఆడలేదన్నది వేరే విషయం. ఆడావా అని ఫారం అడగలేదు.) ఉద్యోగం వచ్చింది. ప్రొబేషను ముగియబోతుండగా మేనేజరుగారు పిలిచి, "వచ్చే నెల ఛైర్మన్ గారు వస్తున్నారయ్యా. ఆయనకి గోల్ఫంటే ప్రాణం. గన్నవరం దగ్గర గ్రౌండు చూసి ఉంచాను. ఆయనతో ఆడేది నువ్వే" అన్నారు. నా ఉద్యోగం ఖాయం చేస్తూ సంతకం పెట్టవలసినది ఆ ఛైర్మన్ గారే.

మేనేజరుగారు తెప్పించిన గోల్ఫు కర్ర ఒకటి, బంతులు కొన్ని తీసుకుని, కంకిపాడు దగ్గర మా మేనమామగారి కళ్ళంలో సాధన మొదలుపెట్టాను. పాదాల మధ్య దూరం, వంగిన కోణం, ఫలితం అని మూడు గళ్ళు గీసి ప్రతి దెబ్బనూ నమోదు చేశాను. నాలుగు రోజుల పాటు ఫలితం గడిలో 'మట్టి' అన్న మాటే ఉంది. 'వెన్ను నిటారుగా ఉంచి వంగవలెను' అంటుంది పుస్తకం. నిటారుగా ఉన్నదాన్ని వంచడమెలాగో చెప్పదు. ఆ గ్రంథకర్త మీద నాకు ఇప్పటికీ ఆగ్రహమే. ఐదో రోజుకు నడుము పట్టేసింది.

పక్క చేలో వరినాట్లు వేస్తున్న ముఠాకు పెద్దదిక్కు ఒకావిడ. అందరూ మేస్త్రమ్మ అనేవారు. ఆవిడ గట్టు మీదికి వచ్చి, "ఏం బాబూ, ఆ గుడ్డుకి దణ్ణం పెడుతున్నారా?" అంది. చేలో వాళ్ళంతా నవ్వారు. ఇది శాస్త్రమని గంభీరంగా వివరించాను.

"శాస్త్రం నాకేం తెలుసుద్ది గానీ, మీరు నడుం కాడ వంగుతున్నారు. మేం అట్టా వంగితే మధ్యాన్నానికే నడుం పోద్ది. తుంటి కాడ మడవాల. పిర్రలు ఎనక్కి. మోకాళ్ళు బిగబట్టమాకండి. కూచోబోయి మానుకున్నట్టుండాల."

చేలో దిగి చూపించింది. పొద్దుటి నుంచి వంగి ఉన్న ఆ వెన్ను పలకలా చదునుగా ఉంది. భుజాలు వదులుగా వేలాడుతున్నాయి. అడుగు వెనక్కి పడుతున్నా తల ఒక్క అంగుళం లేవలేదు. నా పుస్తకంలోని దొరగారి బొమ్మ ఆవిడ ముందు వెలవెలబోయింది. భక్తితో కోణమాని తీశాను. "కొలిచి ఏం చేస్తారు, తలుపు చేయిస్తారా?" అంది. కోణమాని జేబులో పెట్టుకుని, ఆవిడ చెప్పినట్టే నిలబడి కొట్టాను. బంతి గాలిలోకి లేచి తిన్నగా ఆవిడ నాటిన మడిలోనే పడింది. "దిగండి మరి. పడిపోయిన మొక్కలు మీరే నాటాల" అంది. నాటాను. నేను నాటినవన్నీ పీకి మళ్ళీ నాటింది.

ఆట రోజున నా మొదటి బంతి దూరంగా, తిన్నగా వెళ్ళింది. ఛైర్మన్ గారు మూడుసార్లు కొట్టినా మట్టే లేచింది. ఆయన నడుము పట్టుకుని, "నీకెవరయ్యా నేర్పింది?" అన్నారు.

"కంకిపాడులో నాట్లు వేసే మేస్త్రమ్మండి."

మేనేజరుగారు కళ్ళు మూసుకున్నారు.

"ఏం చెప్పింది?"

అసలు చిక్కు అక్కడ వచ్చింది. ఆ పిర్రల సంగతి ఛైర్మన్ గారికి విన్నవించడానికి తగిన సంస్కృత పదం కోసం ఎంతో వెతికాను. దొరకక, "తమరు కూర్చోబోయి మానుకున్నట్టు నిలబడాలండి" అన్నాను. ఆయన అలాగే వంగారు. నిజంగానే కూర్చోబోతున్నారనుకుని మేనేజరుగారు కుర్చీ పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. కుర్చీ చేరేలోగా బంతి వెళ్ళిపోయింది. ఛైర్మన్ గారు నడుము మీది చెయ్యి తీసేసి, "ఈ అబ్బాయిని ఉంచుకోండి" అన్నారు.

మర్నాడే లడ్డూలు పట్టుకుని కంకిపాడు వెళ్ళాను. ఉద్యోగం ఖాయమైందని చెబితే మేస్త్రమ్మ సంతోషించింది. చేతులు కడుక్కుని లడ్డూ తింటూ, "ఒకటి అడగనా బాబూ? ఆ బంతిని అంత కష్టపడి దూరంగా కొడతారు గదా, మళ్ళీ మీరే పోయి ఎతుక్కుంటారా?" అంది.

ఇంకో లడ్డూ తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఇప్పుడు నాకు డెబ్బై నాలుగేళ్ళు. ఆదివారం ఉదయం గడ్డిలో బంతి కోసం వెతుక్కుంటున్న ప్రతిసారీ ఆవిడకేం చెప్పాలా అని ఆలోచిస్తాను. ఈలోగా బంతి దొరుకుతుంది. ఈ వయసులోనూ వెంటనే మళ్ళీ దూరంగా కొట్టేస్తాను.