కోన్ల యాదగిరి మౌనం

చర్చిలో పంచే తొమ్మిది వందల పల్చటి ప్రభు భోజనపు అప్పాలు, వాటిని చేసే కరెంటు మిషన్, నాలుగు కిలోల పిండి. ఈస్టరుకు ముందురోజు తెల్లవారుజామున వానకు పైకప్పు కారి మాకు పోయినవి ఇవి. సికింద్రాబాద్‌లో, పెళ్లి చేసుకోకుండా కలిసి ప్రార్థిస్తూ బతికే ఆంగ్లికన్ క్రైస్తవ బ్రదర్ల ఆశ్రమంలో నేను సామాను లెక్కలు చూస్తాను. మర్నాడు తెల్లారేసరికి మూడు చర్చీలకు అప్పాలు మేమే పంపాలి.

పక్క సందులో ఐస్‌క్రీమ్ కోన్లు చేసే యాదగిరి దగ్గరికి పరుగెత్తాను. తన గ్యాస్ పెనంతో వెంటనే బయలుదేరాడు. ఉదయం ఎనిమిదింటికి అతన్ని మా గేటు దగ్గర ఆపి చెప్పాను.

"అన్నా, పన్నెండు దాకా లోపల మౌనం. బ్రదర్లు పనిచేస్తూ మాట్లాడరు."

"ఏందీ, నాలుగు గంటలు నోరు మూసుకోవాల్నా? నా పెండ్లిల సుత గంతసేపు మూసుకోలే! సరే, నా నాలుగు గంటల మాటలు బాకీ రాసుకోండ్రి సార్."

మేం కొత్తగా తెచ్చి కలిపింది చక్కెర, నూనె లేని పిండి కావడంతో మొదటి అప్పం పెనానికి అంటుకుపోయింది. రెండోదీ అంతే. యాదగిరి నోరు తెరిచాడు. పెద్ద బ్రదర్ పెదవులపై వేలు పెట్టారు. అతను నుదురు కొట్టుకుని, పిండిలో నీళ్లు పోసి, మంట తగ్గించాడు. మూడోది పల్చగా, విరగకుండా లేచొచ్చింది. ఎప్పుడూ ఉండే సిలువ అచ్చుకు బదులు దానిమీద కోను గళ్లు పడ్డాయి. అలా వచ్చిన ఒక్కో పెద్ద అప్పాన్ని బ్రదర్లు చిన్న చిన్న బిళ్లలుగా కత్తిరించారు.

పన్నెండింటికి గంట మోగింది. లెక్కపెడితే తొమ్మిది వందల పన్నెండు!

"చూసిండ్రా! మాట్లాడకుండనే చేసిన!" అని యాదగిరి అరిచిన అరుపుకు బ్రదర్లందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు మూడు చర్చీల్లోనూ అందరికీ అప్పం అందింది. యాదగిరి డబ్బు ముట్టలేదు. తీరిక దొరికినప్పుడల్లా వచ్చి, పెద్ద బ్రదర్‌ను కూర్చోబెట్టి తన మాటలు వసూలు చేసుకుంటున్నాడు. అతనికి మౌనం ఎంత ఖరీదో చూశాను కాబట్టి నా లెక్కల పుస్తకంలో ఆ బాకీలోంచి ఒక్క నిమిషమూ తగ్గించి రాయలేదు. నిన్నటికి మేమింకా అతనికి గంటా పదిహేడు నిమిషాలు బాకీ.