తలుపెయ్యవే పిల్లా

పక్కింట్లో ఎవరో దిష్టి తీసి మిరపకాయలు నిప్పుల్లో వేశారు. ఆ ఘాటు గొంతుకు తగలగానే నాకు గ్రేసమ్మ టీచర్ గుర్తొచ్చారు. ఎనభైల్లో చిలకలూరిపేటలో మేము అద్దెకున్న ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేవారు ఆవిడ. చర్చి బడిలో పాఠాలు చెప్పేవారు. అంతకుముందు మద్రాసులో, మా అమ్మాయి కరుణలాంటి పిల్లల కోసం నడిపే బడిలో కొన్నాళ్ళు తర్ఫీదు పొందారు.

కరుణకు అయిదేళ్ళు నిండినా మాట లేదు. పిలిస్తే చూసేది కాదు. గడపలో కూర్చుని డబ్బా మూత తిప్పుకుంటూ ఉండేది. మా అత్తగారు పోయిన కొన్నాళ్ళకు, ఒక సాయంత్రం మేము కాఫీ తాగుతుండగా వెనక నుంచి అత్తగారి దగ్గు వినిపించింది. ఆ వెంటనే, "తలుపెయ్యవే పిల్లా" అన్న మాట. తిరిగి చూస్తే కరుణ. అదే బొంగురు, చివర అవే పిల్లికూతలు. మా ఆయన చేతిలో గ్లాసు జారిపోయింది. నా బిడ్డ నోట నేను విన్న మొదటి మాట అది. కన్నతల్లినై ఉండీ సంతోషించలేకపోయాను.

మర్నాడూ అదే వేళకు అదే మాట. మా ఆడపడుచు ఒక భూతవైద్యుణ్ణి వెంటపెట్టుకొచ్చింది. అతను మిరపకాయల పొగ పెట్టి బిడ్డ మొహం దానిమీదకు వంచాడు. కరుణ ఊపిరాడక కొట్టుకుంటూ, అత్తగారి గొంతుతోనే "తలుపెయ్యవే, తలుపెయ్యవే" అని అరిచింది. "చూశారా, లోపలున్నది బయటపడుతోంది" అన్నాడతను. ఆ అరుపు విని గ్రేసమ్మ టీచర్ వచ్చారు. ఎవరితోనూ వాదించకుండా బిడ్డను ఎత్తుకుని బయటకు తీసుకెళ్ళిపోయారు.

ఆ తర్వాత సాయంత్రాలు మా ఇంటికి వచ్చి గోడవారన కూర్చునేవారు. ఏమీ చేసేవారు కాదు, చూసేవారు. ఒకరోజు అడిగారు:

"మీ అత్తగారు ఈ మాట ఎప్పుడనేవారమ్మా?"

"పొద్దుగూకే వేళండీ. పత్తి జిన్నింగు మిల్లు సైరన్ కూసేటప్పుడు. ఆ కూత ఆవిడకు పడేది కాదు."

"అప్పుడు నువ్వేం చేసేదానివి?"

"తలుపేసేదాన్ని."

"చప్పుడు తగ్గేదా?"

తలూపాను. అంతలో మిల్లు కూసింది. కరుణ రెండు చేతులతో చెవులు మూసుకుంది. రోజూ నా కళ్ళముందే జరుగుతున్నది, అప్పుడు చూశాను.

"మాటకు ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది, ఈ రెండూ చూడు తల్లీ" అన్నారు టీచర్ గారు. "దానికి తన మాట లేదు. పని జరిగే మాట ఒకటి దొరికితే పట్టుకుంది."

ఆటిజం ఉన్న పిల్లలకు నేర్పే ఈ పద్ధతినే ఇప్పుడు ఏబీఏ, అంటే అప్లయిడ్ బిహేవియర్ అనాలిసిస్, అంటున్నారు. ఆవిడ నాకు పేరేమీ చెప్పలేదు. మిల్లు కూసే వేళకు బిడ్డ చేయి పట్టుకుని తలుపు వైపు చూపించేవారు. చూపగానే నేను మూయాలి, ఆలస్యం కాకూడదు. కొన్నాళ్ళకు చేయి వదిలేశారు. ఆ తర్వాత "త" అన్నా చాలు, తలుపు పడాల్సిందే. "కళ్ళలోకి చూడకపోతే చేతిమీద కొట్టమని మద్రాసులో మాకు నేర్పారు" అన్నారొకసారి. "కొట్టాను కూడా. పిల్లలు చూశారు, కానీ నన్ను చూస్తే వణికారు. ఇక్కడ అది వద్దు."

వానలు పడేనాటికి అత్తగారి గొంతు అరుదైపోయింది. నాకు ప్రాణం కుదుటపడింది. మా ఆయనకు కుదుటపడలేదని ఒక సాయంత్రం తెలిసింది. మిల్లు కూసింది. ఆయన తలుపు పక్కనే కూర్చుని, కరుణ వేలు చూపిస్తున్నా కదలడం లేదు. "ఒక్కసారి అనమ్మా. మా అమ్మలాగా ఒక్కసారి" అంటున్నారు. కరుణ చెవులు మూసుకుని, ఒళ్ళంతా బిగబట్టి, "తలుపు" అంది. సన్నటి గొంతు. మేమెప్పుడూ వినని గొంతు. ఆయన లేచి తలుపేసి, దానికి నుదురానించి చాలాసేపు నిలబడ్డారు.

తర్వాతెప్పుడో ఒక మధ్యాహ్నం. మిల్లుకు సెలవు, తలుపులు మూసే ఉన్నాయి, మా ఆయన ఊళ్ళోకి వెళ్ళారు. నేను బియ్యం ఏరుతుంటే వెనక ఆ దగ్గు. "బుల్లెబ్బాయ్, వచ్చావా?" అంది కరుణ, అత్తగారి గొంతుతో. ఆ పేరు నేనెన్నడూ వినలేదు. ఆయన ఇంటికొచ్చాక చెబితే మొహం పాలిపోయింది. అది ఆయన చిన్నప్పటి ముద్దుపేరట. పెద్దయ్యాక ఎవరూ అలా పిలవలేదట.

టీచర్ గారితో చెప్పాను. "మీ అత్తగారు మంచాన పడ్డప్పుడు ఆయన్ని అలా పిలిచి ఉంటారేమో" అన్నారు.

"ఏమోనండీ, నేను వినలేదు."

"ఆ మాటకు ముందు ఏం జరిగిందో చూశావా?"

"లేదండీ."

ఆవిడ కరుణ వైపు చూశారు. "అయితే నాకు తెలీదమ్మా. చూడనిదాన్ని చూశానని చెప్పను."

టీచర్ గారు పోయి చాలా ఏళ్ళయింది. కరుణ నలభై దాటింది. కావలసినవి కొన్ని మాటలతో, కొన్ని బొమ్మలు చూపించి అడుగుతుంది. ఎప్పుడైనా, ఏ అలికిడీ లేని వేళ దాని పెదవులు కదిలితే, చేతిలో పని పక్కన పెట్టి ఎదురుగా కూర్చుంటాను. భయపడి కాదు. ఈసారైనా మొదటినుంచీ చూడాలని.