కోట గోడ మీద మా ఇంటి తెలుగు

మొన్న ఆదివారం లిఫ్టు పనిచేయక, మద్రాసు శివారు షోళింగనల్లూరులో మా అపార్టుమెంటు మెట్లు ఎక్కుతూ ఉంటే మూడో అంతస్తులో ఎవరి ఇంట్లోంచో ఫిరంగుల మోత వినబడింది. ఆ వెంటనే ఒక ఆడమనిషి, దాహంతో పిడచకట్టుకుపోయిన గొంతుతో, "గోడ ఆడ కూలిపోతా ఉండాది, బిడ్డల్ని ఈడికి తోలండి" అని అరిచింది. చేతిలోని కూరల సంచీ మెట్టు మీద పెట్టి నిలబడిపోయాను. ఆ గొంతు నాదే. టీవీలో ఆ సినిమా వేసినప్పుడల్లా నాకు ఇంతే. ముందు ఒళ్ళు ఝల్లుమంటుంది, తర్వాత అన్నపూర్ణగారు గుర్తొస్తారు. ఆవిడ లేకపోతే ఆ గొంతు తెర మీదికి వచ్చేదే కాదు.

అన్నపూర్ణగారు పరాయి భాషల సినిమాలకు తెలుగు మాటలు రాసి, దగ్గరుండి మాచేత డబ్బింగ్ చెప్పించేవారు. పెళ్ళై బాపట్ల నుంచి మద్రాసు వచ్చి, కొన్నేళ్ళు హీరోయిన్లకు గొంతు అరువిచ్చి, వయసు మీద పడ్డాక మైకు ముందు నుంచి రికార్డింగ్ గది అద్దం వెనక్కి మారారు. గంజి పెట్టిన నేత చీర, మెడలో గొలుసుకు వేలాడే కళ్ళజోడు, ఫ్లాస్కులో జీలకర్ర వేసిన వేణ్ణీళ్ళు. సీను రెండుసార్లు శబ్దం లేకుండా చూపించనిదే ఎవరినీ మైకు దగ్గరికి రానిచ్చేవారు కాదు. చూశాక ఒకటే ప్రశ్న అడిగేవారు, ఈ మనిషి ఆఖరుసారి మంచినీళ్ళు ఎప్పుడు తాగిందని. జవాబు తెలియకపోతే మళ్ళీ కూర్చుని చూడాల్సిందే. మొదట్లో ఇదేం చాదస్తమని నేను లోపల్లోపల విసుక్కున్నాను. విసుక్కున్నా, ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడం అలవాటైపోయింది.

నా సంగతి చెప్పాలి. మావాళ్ళు మూడు తరాలుగా మద్రాసు సౌకార్‌పేటలో ఇత్తడి సామాన్లు టోకున అమ్ముతున్నారు. ఇంట్లో తెలుగే, అయితే అది మా తెలుగు. వీధిలో అరవం, బడిలో అరవం, ఇంట్లో వాక్యం చివర అరవపు 'దా' తగిలించనిదే నాకు మాట పూర్తయ్యేది కాదు. తెలుగు అక్షరాలు మా నాయనమ్మ పలక మీద దిద్దించింది. ఆ పెట్టుబడితో డబ్బింగ్‌కు బయలుదేరితే నవ్వనివాళ్ళు పాపాత్ములు. అన్నపూర్ణగారు నవ్వలేదు గానీ, అంతకంటే గట్టిగానే తగులుకున్నారు. "నీ నాలుకను చెప్పులతోపాటు గడప బయట విడిచి రామ్మా, కోమలా" అనేవారు. ఇక్కడ, అక్కడ, ఉంది, ఉన్నారు అని వందసార్లు వల్లె వేయించేవారు. నేను ఇంటికి పోయి ఏడ్చి, మర్నాడు మళ్ళీ వచ్చేదాన్ని.

ఆరేళ్ళపాటు నేను గుంపులోనే ఉన్నాను. సంతలో బేరమాడే ఆడవాళ్ళు, పెళ్ళిలో నవ్వే ఆడవాళ్ళు, ఊరు తగలబడితే పరిగెత్తే ఆడవాళ్ళు, అందరిలోనూ నేనున్నాను. నేను చావని యుద్ధం లేదు, వెళ్ళని పెళ్ళి లేదు. నాకంటూ పేరున్న పాత్ర మాత్రం ఒక్కటీ లేదు. మొన్న టీవీలో వినబడిన ఆ ముట్టడి సినిమా వచ్చేసరికి నా ఓపిక అయిపోయింది. ఇందులో కూడా గుంపులోనే మిగిలిపోతే మానేసి, పురసవాక్కంలో మా చిన్నాన్న బట్టల కొట్లో చీరలు మడతపెడతానని ఇంట్లో మాటిచ్చేశాను. ఆ సంగతి అన్నపూర్ణగారికీ చెప్పాను. ఆవిడ తలెత్తకుండానే సరేనన్నారు. ఆ సరే నాకు బాగా గుచ్చుకుంది.

ఆ సినిమా చాలా పెద్దది. రెండు దేశాల అంచున, ఎర్రటి ఎడారిలో, మట్టిగోడల చిన్న కోట. బయట లెక్కకందని సైన్యం, లోపల గుప్పెడు మగవాళ్ళు, వాళ్ళ పెళ్ళాం బిడ్డలు. పారిపోవడానికి దారి ఉన్నా ఎవరూ కదలరు. చరిత్రలో జరిగినదే కాబట్టి ఆ ముట్టడి ఎలా ముగుస్తుందో ప్రపంచమంతటికీ తెలుసు, తెలిసే చూస్తారు. కథ నడిచేది ఫిరంగి పేల్చేవాడి భార్య చుట్టూ. గోడ మీదికి నీళ్ళు మోసేది ఆమే, చివరికి బతికి బయటికి నడిచి శత్రు సేనాపతి ముందు నిలబడేదీ ఆమే. ఆ పాత్రకు హైదరాబాదు నుంచి మంచి పేరున్న అమ్మాయిని పిలిపించారు. తప్పు పట్టడానికి వీల్లేకుండా చెప్పింది. అయినా అన్నపూర్ణగారు రోజూ ఆ రీళ్ళు వేయించుకుని, ఏదో తక్కువైందని కళ్ళజోడు తీసి తుడుచుకునేవారు. ఏం తక్కువైందో ఆవిడకూ తెలియలేదు.

గోడ కూలే సీను రోజున పదిమందిమి ఒక మైకు చుట్టూ నిలబడ్డాం. నా చేతి కాగితం మీద "గోడ అక్కడ కూలిపోతోంది, పిల్లల్ని ఇక్కడికి పంపండి" అని ఉంది. తెర మీద ఒకామె ఇద్దరు పిల్లల రెక్కలు పట్టుకుని ఈడ్చుకొస్తోంది. ఆమె వెనక గోడ ముందుకు ఒరిగింది. ఒక వానాకాలం మా గోడౌను వెనకగోడ సరిగ్గా అలాగే ఒరిగింది. ఆవేళ మా అమ్మ అరిచిన అరుపే నా నోట్లోంచి వచ్చింది. కాగితం మీది మాట ఒకటీ రాలేదు.

సౌండ్ ఇంజనీరు పగలబడి నవ్వాడు. పక్కవాళ్ళూ నవ్వారు. చీరలు మడతపెట్టే రోజు ఇవాళే వచ్చిందనుకున్నాను. అద్దం వెనక నుంచి ఎన్నడూ లేచి రాని అన్నపూర్ణగారు తలుపు తోసుకుని లోపలికి వచ్చారు. తప్పైపోయింది, ఇంకో టేకు చెప్తానన్నాను.

"టేకు సంగతి తర్వాత. అలా అరిచింది ఎవరు?" అన్నారు.

"మా అమ్మ" అన్నాను.

ఆవిడ వెనక్కి వెళ్ళి ఆ అరుపును మళ్ళీ మళ్ళీ వేయించుకున్నారు. తర్వాత అసలు సినిమాలో ఫిరంగివాడి భార్య మాటలు వేయమన్నారు. అప్పుడు అందరికీ వినబడింది. ఆ నటి రాజధాని భాష మాట్లాడటం లేదు. రెండు దేశాల మాటలూ కలగలిపి, ఆ ఎడారి జనం మాట్లాడుకునేట్టు మాట్లాడుతోంది. వారాల తరబడి విన్నా మాలో ఒక్కరమూ గమనించలేదు.

అన్నపూర్ణగారు నా పక్కన కుర్చీలో కూలబడ్డారు. "సరిహద్దులో బతికేవాళ్ళ నోట్లో రెండు భాషలూ ఉంటాయి కదమ్మా. ఆ కోటలో పుట్టినదాన్ని ఆరేళ్ళుగా నా ఎదురుగా నిలబెట్టుకుని నోరు కడుగుతూ కూర్చున్నాను" అన్నారు. ఆవిడ కళ్ళు తడవడం నేను చూశాను. అంతటి మనిషి నా ముందు తప్పు ఒప్పుకుంటుంటే సంతోషమో దుఃఖమో తెలియక నేనూ ఏడ్చాను.

ఆ పాత్ర మళ్ళీ మొదటి నుంచి నాచేత చెప్పిస్తానని ఆవిడంటే నిర్మాతల మనిషి ఒప్పుకోలేదు. అలాంటి మాట కమెడియన్లకే పనికొస్తుంది, జనం నవ్విపోతారన్నాడు. నవ్వితే టైటిల్లో తన పేరు తీసేసి పాత గొంతే పెట్టుకోండి అన్నారు అన్నపూర్ణగారు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. విడుదలకు ముందు షోళింగనల్లూరు వైపు కంప్యూటర్ ఆఫీసుల్లో పనిచేసే తెలుగువాళ్ళను ఓ వందమందిని పిలిచి సినిమా వేస్తారు. ఒక్కరు నవ్వినా నా గొంతు తీసేస్తారు.

నాలుగు రోజులు చెప్పాను. ఆవిడ నా పక్కనే నిలబడి, ఆ నటి పెదవులు ఎక్కడ కలుస్తున్నాయో చూసి, అక్కడికి మా ఇంటి మాట ఏదైనా ఉందా అని నన్ను అడిగి రాసుకునేవారు. అంతవరకు ఆవిడ చెప్పేవారు, నేను నేర్చుకునేదాన్ని. ఆ నాలుగు రోజులు మాత్రం బాపట్ల కలం సౌకార్‌పేట చెప్పినట్టు నడిచింది.

ప్రివ్యూ మధ్యాహ్నం హాలు నిండింది. గుంటూరువాళ్ళు, వరంగల్లువాళ్ళు, విశాఖవాళ్ళు, మెళ్ళో ఆఫీసు కార్డులతో అలాగే వచ్చి కూర్చున్నారు. తెర మీద ఆమె బిందె దించి మొదటి మాట అనగానే వెనక వరుసలో ఒకతను గట్టిగా నవ్వాడు. నిర్మాతల మనిషి అన్నపూర్ణగారి వంక చూశాడు. ఆవిడ తెర మీది నుంచి చూపు తిప్పలేదు. ఆ తర్వాత నేను సినిమా చూడలేదు, జనాన్నే చూశాను. మళ్ళీ ఎవరూ నవ్వలేదు. గోడ కూలినప్పుడు హాల్లో కుర్చీ కదిలిన చప్పుడు కూడా లేదు. చివర ఆమె సేనాపతి ముందుకొచ్చి, "ఆడ పడుండే వాళ్ళంతా మావోళ్ళు. ఒక్కడూ వెన్ను చూపలేదని మీ రాజుకు చెప్పు, పో" అనేసరికి చప్పట్లు మొదలయ్యాయి. దీపాలు వెలిగినా ఆగలేదు. జనం లేచి నిలబడి కొట్టారు.

నిర్మాతల మనిషి ఒప్పందం మరిచిపోయే రకం కాదు. నేరుగా వెనక వరుసకు పోయి, మొదట్లో ఎందుకు నవ్వావని ఆ అబ్బాయిని నిలదీశాడు. అతనిది చిత్తూరు పక్క పల్లె. "మా ఇంట్లో మాట్లాడేది ఇదే సార్. ఆఫీసులో దీన్ని దాచిపెట్టుకోని తిరగతా ఉండా. అంత పెద్ద తెర మీద వినబడేసరికి సంతోషం పట్టలేకపోయినా" అన్నాడు. అతని మొహం ఇంకా తడిగానే ఉంది. అది విని నిర్మాతల మనిషి తనూ చప్పట్లు కొట్టాడు. వరంగల్లు అమ్మాయి ఒకామె నన్ను పట్టుకుని, ఇది ఏ ఊరి తెలుగని అడిగింది. సౌకార్‌పేట తెలుగని, జన్మలో మొదటిసారి గొంతు తగ్గించకుండా చెప్పాను.

జనంలో అన్నపూర్ణగారు కనబడలేదు. వెతుకుతుంటే గేటు దగ్గర నుంచి పిలిచారు. "కోమలా, నేను ఈడ ఉండాను, ఇట్రా."

ఉచ్చారణ ఏమాత్రం బాగాలేదు. ఆ మాటకు బాపట్ల యాస అంటుకుని అటూ ఇటూ కాకుండా పోయింది. ఇంకో టేకు చెప్పండమ్మా అన్నాను. ఆవిడ విరగబడి నవ్వి, బుద్ధిగా మళ్ళీ చెప్పారు.

ఆవిడ పోయి మూడేళ్ళైంది. ఇప్పుడు అద్దం వెనక ఆవిడ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. పలుకు తేడాగా ఉంటే నేనూ ఊరుకోను, వందసార్లు వల్లె వేయిస్తాను, చండశాసనురాలినని పేరు కూడా వచ్చింది. కానీ ఎంత పెద్ద పాత్రైనా, ఎవరు చెప్పేదైనా, మొదటి టేకు మాత్రం వాళ్ళ ఇంటి మాటలోనే చెప్పమంటాను. శ్రీకాకుళమైనా, హోసూరైనా సరే. సినిమాకు పనికొచ్చినా రాకపోయినా, ఆ టేకును మాత్రం చెరపనివ్వను.